వీఎఫ్‌డీ పెట్టాక మోటార్ బేరింగులు పదేపదే పోతుంటే ఏం చేయాలి?

ఏళ్ల తరబడి నడిచిన మోటార్‌కి వీఎఫ్‌డీ, అంటే మోటార్ వేగం మార్చే డ్రైవ్, బిగించాక కొన్ని నెలల్లోనే బేరింగ్ గుర్రుమంటే, అందరం ముందు గ్రీజునే తిడతాం. నేనూ రెండుసార్లు గ్రీజు మార్చి, మూడోసారి బేరింగే మార్చాను. మళ్లీ అదే గోల.

పాత బేరింగ్‌ని పారేయకండి. సేఫ్టీ కళ్లద్దాలు పెట్టుకుని గ్రైండర్‌తో బయటి రింగు కోసి, బాల్స్ తిరిగే దారి చూడండి. షాపు షట్టర్ మడతల్లా అడ్డంగా, వరసగా చారలున్నాయా? గ్రీజు మాడినట్టు నల్లబడిందా? అయితే పని కరెంటుదే. ఆగి ఉన్న మోటార్‌కి పక్క మెషిన్ అదురు వల్ల కూడా గుంతలు పడతాయి కానీ, అవి బాల్‌కీ బాల్‌కీ ఉన్నంత ఎడంలో ఉంటాయి, ఇవి ఇంకా దగ్గరదగ్గరగా ఉంటాయి.

జరిగేదేంటంటే, డ్రైవ్ ఇచ్చేది సాఫీ కరెంటు కాదు, సెకనుకి వేలసార్లు ఆన్-ఆఫ్ అయ్యే పల్సులు. మూడు ఫేజులూ కలిపినా సున్నా అవ్వదు, ఆ మిగిలిన వోల్టేజ్ స్టేటర్ (కదలని భాగం) నుంచి రోటార్‌కి (తిరిగే భాగానికి) కెపాసిటర్‌లో లాగా ఎక్కుతుంది. బాల్‌కీ రింగుకీ మధ్య గ్రీజు పొర తరచుగా మైక్రాన్ కూడా ఉండదు, వోల్టేజ్ పెరగగానే అది పంక్చరై చిన్న స్పార్క్ వస్తుంది, అక్కడ లోహం చుక్కంత కరుగుతుంది. ఇక ఎంత ఖరీదైన గ్రీజు వేస్తే ఏం లాభం!

మల్టీమీటర్‌తో ఇది సరిగ్గా తెలియదు. షాఫ్ట్‌కి కార్బన్ ఫైబర్ బ్రష్ ఆనించి, స్కోప్ ఎర్త్ క్లిప్ మోటార్ బాడీకి పెట్టి, వోల్టేజ్‌ని గీతగా చూపించే ఆసిలోస్కోప్‌లో చూడాలి. వోల్టేజ్ ఎక్కుతూ ఒక్కసారిగా నిలువుగా పడిపోతుంటే డిశ్చార్జ్ అవుతున్నట్టే. మోటార్ తిరుగుతుండగా చేసే పని ఇది, అలవాటున్న వాళ్లకే వదిలేయండి.

వైద్యం ఎర్తింగ్‌తో మొదలుపెట్టండి. డ్రైవ్ నుంచి మోటార్ దాకా షీల్డ్ కేబుల్ (వైర్ల చుట్టూ లోహపు తొడుగు ఉన్నది) వేసి, ఆ షీల్డ్‌ని రెండు చివర్లా చుట్టూ పట్టేలా బిగించాలి. తర్వాత డ్రైవ్‌లో క్యారియర్ ఫ్రీక్వెన్సీ, అంటే ఆ పల్సుల ఆన్-ఆఫ్ వేగం, తగ్గించి చూడండి, మోటార్ కాస్త కీచుమంటుంది, ఓర్చుకోండి. ఆ తర్వాత షాఫ్ట్‌కి గ్రౌండింగ్ రింగ్, అంటే షాఫ్ట్ మీది కరెంటుని బాడీకి దింపేసే రింగు. పెద్ద మోటార్లలో కరెంటు రెండు బేరింగుల గుండా చుట్టూ తిరుగుతుంది కాబట్టి, రింగ్‌తో పాటు ఫ్యాన్ వైపు ఇన్సులేటెడ్ బేరింగ్ (కరెంటు దాటనివ్వనిది) కూడా కావాలి. సిలికాన్ నైట్రైడ్ అనే సిరామిక్ బాల్స్ ఉన్న హైబ్రిడ్ బేరింగ్ గట్టిదే, కానీ ధర చూస్తే గుండె ఆగుతుంది. పైగా షాఫ్ట్‌కి రింగ్ లేకుండా అదొక్కటే వేస్తే, కరెంటు కప్లింగ్ దాటి పంపు బేరింగ్ మీద పడొచ్చు.

చారలు పడ్డ బేరింగ్ మాత్రం మళ్లీ బాగుపడదు. ఎర్తింగ్ సరిచేశాక దాన్ని మార్చి, స్కోప్ ఇంకోసారి పెట్టి చూడండి.