కాళ్ళ నరాలు ఉబ్బితే లేజర్ చికిత్స ఎలా చేయించుకోవాలి?

లేజర్ పని దాదాపు గంటలో అయిపోతుంది. ఫలితం నిలుస్తుందా, కొన్నాళ్ళకే మళ్ళీ ఉబ్బుతుందా అన్నది మాత్రం ముందు తీసే డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపే అల్ట్రాసౌండ్) మీద, తర్వాత పదిహేను రోజులు మీరు ఉండే తీరు మీద ఉంటుంది. చాలామంది ఖర్చు గురించి పది చోట్ల వాకబు చేస్తారు గానీ స్కాన్ ఎలా తీశారో అడగరు.

ఉబ్బిన నరాలని మనం అనేవి నిజానికి సిరలు, అంటే రక్తనాళాలు. కాలి సిరల్లో రక్తం పైకి, గుండె వైపు వెళ్ళాలి. అది కిందికి జారకుండా మన కాలవల మీద లాకు తలుపుల్లా లోపల కవాటాలుంటాయి. అవి పాడైతే రక్తం దిగివచ్చి పిక్క దగ్గర నిలుస్తుంది, సిర మెలికలు తిరుగుతుంది. ఆ పాడైన సిరను లేజర్ వేడితో మూసేస్తుంది. రొయ్యల షెడ్లలో, బట్టల కొట్లలో, హోటల్ పొయ్యిల దగ్గర రోజంతా నిలబడేవాళ్ళకి ఈ బాధ ఎక్కువ.

ముందు బోదకాలు కాదని తేల్చుకోండి

గోదావరి జిల్లాల్లో కాలు వాచిందంటే అందరికీ మొదట బోదకాలే గుర్తొస్తుంది. సిరల వాపు సాయంత్రానికి పెరిగి, కాలు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి చాలావరకు దిగుతుంది. చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడి దురద పెడుతుంది, పుండు పడేదీ ఎక్కువగా అక్కడే. ముదిరిన బోదకాలు రాత్రికి దిగదు, పాదం పైభాగమూ వాచి చర్మం మందమవుతుంది. రెండూ ఒకే కాలికి ఉండొచ్చు. అలాంటప్పుడు లేజర్ సిరల బాధనే తగ్గిస్తుంది, బోద వాపును కాదు.

డాప్లర్ నిలబెట్టే తీయాలి

వెళ్ళాల్సింది వాస్కులర్ (రక్తనాళాల) సర్జన్ దగ్గరికి, లేదా ఈ పనిలో చేయి తిరిగిన జనరల్ సర్జన్ దగ్గరికి. స్కాన్‌లో మిమ్మల్ని నిలబెట్టి, పిక్క నొక్కి వదిలి, రక్తం ఎంతసేపు వెనక్కి జారుతుందో చూస్తారు. చర్మం కింద ఉండే పైసిరల్లో అర సెకను దాటితే కవాటం చెడినట్టే. పడుకోబెట్టి మాత్రమే తీస్తే కొన్ని లీకులు దొరకవు, దొరకని లీకే తర్వాత మళ్ళీ ఉబ్బుతుంది. రిపోర్టులో నాలుగు సంగతులు ఉండాలి: కండరాల మధ్య ఉండే లోసిరల్లో రక్తపు గడ్డలున్నాయా, గజ్జల దగ్గర కవాటం ఎలా ఉంది, మోకాలి వెనక సిర సంగతేమిటి, పిక్క దగ్గర లోసిరలకు కలిపే అడ్డసిరలు లీకవుతున్నాయా. లోసిర మూసుకుపోయి ఉంటే రక్తానికి పైసిరే దారి కావచ్చు, కాబట్టి అది తేలకుండా లేజర్‌కి ఒప్పుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్ళూ, చుట్టలు, సిగరెట్లు కాల్చేవాళ్ళూ పాదంలో నాడి కూడా చూపించుకోవాలి. ధమనుల్లో రక్తం సరిగా రాని కాలికి, లేజర్ తర్వాత వేసుకునే బిగుతు మేజోళ్ళు ప్రమాదం.

రోజు, డబ్బు, మందులు

పొలం పని చేసేవాళ్ళకి సార్వా కోతలయ్యాక, దాళ్వా నాట్లు పడేలోపు మంచి అదను. చలికాలం గనుక మేజోళ్ళు భరించగలరు, ఎండాకాలంలో ఉక్కకి సగం మంది విప్పేస్తారు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుంటే మీ చికిత్స దాని కిందికి వస్తుందో లేదో చేరకముందే ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ళని అడగండి. ఉబ్బిన మెలికలు తీయడం కూడా చెప్పిన రేటులోనే ఉందా, వేరుగా కట్టాలా అన్నది కూడా తేల్చుకోండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి.

రక్తం పలచబడే మందులు, గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. సొంతంగా ఏదీ ఆపొద్దు. గర్భిణులకు ఇది కాన్పు తర్వాతే. ఆ రోజు కాలికి నూనె రాసుకోవద్దు, మార్కర్ గీత నిలవదు. నిలబెట్టి గీతలు గీసేటప్పుడు ఉబ్బిన ప్రతి సిరనూ మీరే వేలు పెట్టి చూపించండి. పడుకున్నాక అవి కనపడవు.

లోపల జరిగేది

మోకాలి దగ్గర సూదితో సిరలోకి సన్నని ఫైబర్ పంపి, స్కాన్‌లో చూస్తూ దాని కొనను గజ్జల్లో లోసిర కలిసే చోటికి సుమారు 2 సెంటీమీటర్ల ఇవతల ఆపుతారు. ఇంకా ముందుకు పోతే గడ్డ లోసిరలోకి పాకొచ్చు. తర్వాత సిర చుట్టూ, పొడవునా, మత్తుమందు కలిపిన చల్లని సెలైన్ ఎక్కిస్తారు. నొప్పి అంటూ ఉంటే ఈ సూదులదే. ఈ నీరు సిరను ఫైబర్‌కి అదిమి, చర్మాన్నీ, పక్కనే ఉండే స్పర్శ తెలిపే నరాన్నీ వేడి నుంచి కాపాడుతుంది. ఇది చాలకపోతే చర్మం కాలడం, మొద్దుబారడం జరుగుతాయి. ఫైబర్‌ని వెనక్కి లాగుతూ సెంటీమీటరుకు సుమారు 60 నుంచి 80 జౌల్స్ శక్తి ఇస్తారు. తక్కువైతే సిర మళ్ళీ తెరుచుకుంటుంది. ఎక్కడైనా చురుక్కుమంటే ఓర్చుకోకుండా వెంటనే చెప్పండి, ఇంకొంచెం నీరు ఎక్కిస్తారు. మెలికలను 2, 3 మిల్లీమీటర్ల గాట్లలోంచి తీస్తారు, లేదా ఫోమ్ (నురగలాంటి మందు) ఇంజెక్షన్‌తో మూస్తారు.

ఇంటికొచ్చాక

ఆసుపత్రిలోనే పావుగంట నడిచి బయల్దేరండి. కాకినాడ నుంచో రాజమండ్రి నుంచో కోనసీమకి కారులో వచ్చేవాళ్ళు గంటకోసారి దిగి నాలుగడుగులు వేయాలి. ఇంట్లో పెద్దవాళ్ళు మంచం దిగొద్దంటారు. ఆ మాట వినకండి, కదలని కాల్లోనే రక్తం గడ్డకడుతుంది. రోజుకి అరగంట నడవాలి.

మొదటి కట్టు డాక్టర్ చెప్పేదాకా, మామూలుగా ఒకటి రెండు రోజులు, విప్పొద్దు. తర్వాత క్లాస్ 2 (బిగుతు స్థాయి) మేజోళ్ళు వారం రెండు వారాలు పగలంతా వేసుకోవాలి. కొలత పొద్దున్నే, వాపు లేనప్పుడు ఇవ్వండి. మంచం దిగకముందే తొడగండి, రబ్బరు గ్లౌజులుంటే లాగడం తేలిక. పైఅంచు మడతపడి మోకాలి దగ్గర చుట్టుకుంటే అదే తాడులా బిగుస్తుంది, సరిచేసుకుంటూ ఉండాలి. చెమటకి తడుస్తాయి గనుక రెండు జతలు తప్పనిసరి.

గాట్లు మానేదాకా, కనీసం రెండు వారాలు, చేలో బురద, చెరువు నీళ్ళు, కాలవ స్నానం వద్దు. బస్తాలు మోయొద్దు, నూనె మర్దన వద్దు. గల్ఫ్‌కి తిరిగి వెళ్ళాల్సినవాళ్ళు కనీసం 4 వారాలు ఆగి టికెట్ తీసుకోవడం మేలు.

కమిలిన మచ్చలు సహజం. వారం నాటికి తొడ లోపల తీగ లాగినట్టుంటుంది, అది సిర మూసుకుందనడానికి గుర్తే, రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. మొద్దుబారిన చోటు మామూలవడానికి నెలలు పట్టొచ్చు. పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పెట్టినా, జ్వరం వచ్చినా, గాటు చీము పట్టినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. ఏమీ లేకపోయినా వారంలోపు మళ్ళీ డాప్లర్ తీయించండి, లోసిరలోకి గడ్డ పాకిందేమో తెలిసేది దానితోనే.

పుండు ఉన్నవాళ్ళకి అది మానడానికి వారాలు, నెలలు పడుతుంది. ఆకు పసర్లు పెట్టొద్దు. లేజర్‌కి ఇంకా రోజులుండగా ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మితే వెంటనే పడుకోబెట్టి, కాలు గుండె కన్నా ఎత్తులో ఉంచి, శుభ్రమైన గుడ్డతో చిట్లిన చోట పదిహేను నిమిషాలు వదలకుండా అదమండి. పైన తాడు కట్టొద్దు, కడితే సిరలో ఒత్తిడి పెరిగి రక్తం ఇంకా ఎక్కువ పోవచ్చు. అప్పటికీ ఆగకపోతే అదిమిపట్టే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.