లైంగిక హింస నివారణపై ప్రాజెక్టుకు డబ్బు అడిగే ముందు

తిరుపతిలో సోషల్ వర్క్ బోధిస్తాను. విద్యార్థుల చిన్న ప్రాజెక్టులకు నిధులిచ్చే కమిటీలో నేనూ ఒక సభ్యురాలిని. లైంగిక హింస మీద వచ్చే దరఖాస్తుల్లో చాలావాటికి పేరు ఒకటే: ‘విద్యార్థినుల్లో అవగాహన స్థాయి – ఒక అధ్యయనం’. వందమందికి ప్రశ్నపత్రం పంచుతారు, అవగాహన తక్కువని తేలుస్తారు, సదస్సులు పెట్టాలని సిఫారసు చేస్తారు. ఆ సంగతి ఇంట్లో కూర్చునే రాయవచ్చు, దానికి డబ్బెందుకు?

నివారణ అన్నాక ఏదో ఒకటి మార్చి చూడాలి. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఫిర్యాదు విద్యార్థులకు సంబంధించినదైతే అందులో ఎన్నికైన ముగ్గురు విద్యార్థులూ కూర్చోవాలి. ఆ ముగ్గురెవరో మీ హాస్టల్‌లో ఎంతమందికి తెలుసు? వాళ్ల పేర్లు ఆఫీసు బోర్డు మీద కాకుండా మెస్ గోడ మీద అంటిస్తే నెల తర్వాత ఏం తేడా వచ్చింది? ఇది అడగదగ్గ ప్రశ్న, ఖర్చూ తక్కువే.

అమెరికా ప్రశ్నపత్రాన్ని దింపుకోకండి. పార్టీలు, మద్యం గురించి అడిగే ఆ ప్రశ్నలకు మన పిల్లలు తెల్లమొహం వేస్తారు. ఇక్కడ అడగవలసినవి వేరు: లైబ్రరీ నుంచి హాస్టల్‌కు నడిచే చీకటి దారి, పీలేరు వెళ్లే ఆఖరి బస్సులో రద్దీ, ఇంటర్నల్ మార్కులు చేతిలో ఉన్న మాస్టారి గది. అబ్బాయిలను కూడా అడగండి. పక్కవాడు హద్దు దాటుతుంటే ఆపడానికి వాళ్లకేం అడ్డొస్తోందో ఇక్కడ ఎవరూ అడగరు.

డబ్బు ఎవరిని అడగాలన్నది చిన్న సంగతి. ముందు మీ విభాగం, తర్వాత కాలేజీ పరిశోధన నిధి. వైద్య విద్యార్థులకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) రెండు నెలల స్టూడెంట్‌షిప్ ఉంది. సామాజిక శాస్త్రాల్లో పీహెచ్‌డీ చేసేవారు ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) ఫెలోషిప్ ప్రకటన చూడాలి.

నేను దరఖాస్తు చదవడం వెనక నుంచి, అంటే బడ్జెట్ నుంచి మొదలుపెడతాను. రూ.20,000 అడుగుతున్నారనుకోండి. అందులో రూ.6,000 కౌన్సెలర్‌కు, రూ.5,000 ఇంటర్వ్యూలను రాత ప్రతులుగా మార్చడానికి, రూ.4,000 ఆటోలకు, మిగతా రూ.5,000 ప్రింటింగుకూ టీ, బిస్కెట్లకూ వేస్తే ఆ మనిషి ఆలోచించి రాశాడని తెలుస్తుంది. కౌన్సెలర్ పద్దు లేకపోతే నేను ముందుకు పోను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక అమ్మాయి ఏడ్చేస్తే మీరేం చేస్తారు? ప్రశ్నపత్రం చివర 181 (మహిళల హెల్ప్‌లైన్), 14416 (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్లు వేసినంత మాత్రాన సరిపోదు, అదే రోజు కూర్చుని మాట్లాడే మనిషి ఉండాలి. గది కూడా ముందే చూసుకోండి. డిపార్ట్‌మెంట్‌లో వద్దు, లోపలికి ఎవరు వెళ్లారో అందరికీ కనిపిస్తుంది.

వయసు విషయంలో జాగ్రత్త. డిగ్రీ మొదటి సంవత్సరంలో పదిహేడేళ్ల వాళ్లు ఉంటారు. వాళ్లు తమకు జరిగినది చెబితే 18 ఏళ్లలోపు పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం మీరు పోలీసులకు తెలియజేయాల్సిందే. గోప్యత మాట ఇచ్చి నిలబెట్టుకోలేరు. కాబట్టి 18 నిండినవారినే తీసుకుంటామని దరఖాస్తులో రాయండి, పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ కూడా మొదట అడిగేది అదే.

డబ్బు మంజూరయ్యాక చిక్కు అకౌంట్స్ సెక్షన్‌లో వస్తుంది. ఇంటర్వ్యూకు వచ్చిన వాళ్లకు ఆటో ఖర్చు ఇస్తే, పేరూ సంతకమూ ఉన్న అక్విటెన్స్, అంటే డబ్బు ముట్టినట్టు రసీదు, కావాలంటారు. ఆ కాగితం నాలుగు బల్లలు దాటేసరికి మీ గోప్యత గాలికి పోతుంది. అందుకని ఖర్చు మొదలు కాకముందే సూపరింటెండెంట్‌తో మాట్లాడి, పేర్లకు బదులు కోడ్ నంబర్లు వేసి గైడ్ ధ్రువీకరిస్తే చాలునని ఫైలు మీదే రాయించుకోండి. నోటిమాట ఆడిట్‌లో చెల్లదు.