కాలిన గాయాలకు పోషణ – 3వ పాఠం: రాసింది ఎంత, కడుపులోకి చేరింది ఎంత?

పోయిన పాఠంలో తొమ్మిదుల లెక్కతో (ఒంటిని తొమ్మిదేసి శాతాల భాగాలుగా చూసే పద్ధతి) ఒళ్లు ఎంత శాతం కాలిందో తేల్చడం నేర్చుకున్నాం. ఇవాళ్టి లెక్కకు ఆ శాతమే మొదలు.

పెద్దవాళ్లకు 20 శాతం దాటి కాలితే, మంచం మీద కదలకుండా పడుకున్నా శక్తి ఖర్చు మామూలుకు రెట్టింపు దాకా పోవచ్చు. బయటి నుంచి అందకపోతే శరీరం తన కండనే కరిగించుకుంటుంది.

60 కిలోల మనిషికి 30 శాతం కాలిందనుకుందాం. కాలిన రోగికి ఎన్ని కేలరీలు కావాలో చెప్పే కర్రెరీ సూత్రం ప్రకారం రోజుకు బరువులో కిలోకు 25, కాలిన ఒక్కో శాతానికి 40 కేలరీలు. 1500కు 1200 కలిపితే 2700. ఈ సూత్రం తరచూ ఎక్కువే చూపిస్తుంది, చేతిలెక్కకు సులువని తీసుకున్నాను. శ్వాసలోని వాయువుల్ని కొలిచి ఖర్చు చెప్పే యంత్రం ఉంటే దాన్నే నమ్మండి. అవసరాన్ని మించి పెడితే రక్తంలో చక్కెర పెరుగుతుంది, కాలేయానికి కొవ్వు పడుతుంది.

ప్రొటీన్ రోజుకు కిలోకు 1.5 నుంచి 2 గ్రాములు, అంటే ఈయనకు 90 నుంచి 120. ఇక్కడ మాత్రం కోత పెట్టొద్దు.

ఇప్పుడు అసలు పని. 2700 కేలరీలు 24 గంటలూ కడుపులోకి ఆహారం పంపే ట్యూబులో సమంగా పోవాలని రాశారు. ఆపరేషన్‌కని, డ్రెస్సింగ్‌కని 8 గంటలు ఆపారు. 900 కేలరీలు అందకుండా పోయాయి. ప్రొటీన్ 120 రాసి ఉంటే 40 గ్రాములు అందలేదు. చార్టులో మాత్రం 2700 అనే కనిపిస్తుంది! అందుకే రోజూ రాసిన అంకె పక్కన చేరిన అంకె వేయండి. వారం లోటు కూడితే కండ ఎందుకు తగ్గుతోందో మీకే తెలుస్తుంది.

పుండు నుంచి కారే ద్రవంతో పాటు జింక్, రాగి, సెలీనియం కూడా పోతాయి కాబట్టి వాటిని విడిగా ఇస్తారు. జింక్ ఒక్కటే అతిగా ఇస్తే పేగుల్లో రాగి ఇంకడం తగ్గుతుంది. మోతాదు వైద్యులే తేల్చాలి. గ్లూటమైన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌లోని ఒక ముక్క) మీద చాలా ఏళ్లు ఆశ ఉండేది. 1200 మందికి పైగా రోగులతో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2022లో వచ్చింది: దాని వల్ల వాళ్లు త్వరగా కోలుకుని ఇంటికి వెళ్లలేదు. ఆ శ్రద్ధంతా ట్యూబు ఆగిన గంటల మీద పెట్టడం మేలని నా అభిప్రాయం.

అభ్యాసం: 48 కిలోలు, 40 శాతం, ట్యూబు 6 గంటలు ఆగింది. లోటెంత? 700 కేలరీలు రావాలి. ప్రొటీన్ లోటు మీరే కట్టి ఉంచుకోండి, 4వ పాఠంలో దాన్ని మర్నాడు ఎలా పూడ్చాలో చూద్దాం.