కొరాపుట్ చలి వేరు, లేహ్ చలి వేరు

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో జనవరి తెల్లవారుజామున 6 డిగ్రీలున్నా స్వెట్టరు, మంకీ క్యాపు, చలిమంటతో గడిచిపోతుంది. పొగమంచుతో తేమెక్కిన చలి అది. వణికిస్తుంది గానీ చర్మాన్ని గడ్డకట్టించదు. లద్దాఖ్‌లోని లేహ్‌లో రాత్రి మైనస్ 15కి దిగితే లెక్క మారుతుంది. గాలి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు బిగుసుకుంటాయి, దగ్గొస్తుంది, తడిచేత్తో ఇనుము ముట్టుకుంటే అంటుకుపోతుంది.

అసలు ముప్పు గాలితోనే. మైనస్ 20లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 33లా తగులుతుంది. కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు.

ఒంటికి ఆనుకుని నూలు బనియను వద్దే వద్దు. చెమట పీల్చి ఆరదు, నడక ఆపగానే ఒళ్లు చల్లబడిపోతుంది. లోపల ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్, మధ్యలో ఫ్లీస్ (నూగు ఉండే మెత్తటి వెచ్చని బట్ట), పైన గాలి చొరని జాకెట్ వేయాలి. మేజోళ్లు రెండు జతలు తొడిగి బూటు బిగిస్తే వేళ్లకు రక్తం ఆడదు. ఒక సైజు పెద్దది కొనండి. జయపురం బజారులో దొరికే అల్లిక గ్లౌజులు కొరాపుట్ చలికి చాలు, లేహ్‌లో పైన ఇంకో తొడుగు కావాలి. ఫోను లోపలి జేబులో ఉంచండి, లేకపోతే బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది.

వేలు పాలిపోయి మొద్దుబారితే రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి. స్పర్శ ఉండదు గనక కాలినా తెలియదు. మళ్లీ గడ్డకట్టే ప్రమాదం లేని చోటికి చేరాకే 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో అరగంట ముంచి, డాక్టరుకు చూపించండి.