డిశ్చార్జ్ రోజు బిల్లు కట్టే ముందు ఇవి చూసుకోండి

రాజమండ్రిలోనో కాకినాడలోనో భీమవరంలోనో మనవాళ్లని ఆసుపత్రిలో పెట్టుకున్నాక, డిశ్చార్జ్ అన్న మాట వినపడగానే ఇంటి ధ్యాసే తప్ప ఇంకేం గుర్తుండదు, కారు మాట్లాడేసుకుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టేసి వచ్చేస్తాం. డబ్బు పోయేదీ, కాగితాలు పోయేదీ ఆ హడావుడిలోనే. అందుకని ముందురోజు సాయంత్రమే మొదలుపెట్టండి. డాక్టరు గారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు రేపు పంపిస్తారా అని అడిగి, పంపిస్తామంటే అప్పటిదాకా అయిన బిల్లు దేనికెంతో విడివిడిగా ఇమ్మని కౌంటర్లో చెప్పండి. అది మీ హక్కండి, బతిమాలక్కర్లేదు.

బిల్లులో మందుల పేజీలు వరసగా చదవండి. తెప్పించిన ఇంజక్షన్లు, సెలైన్లు కొన్ని వాడకుండానే మంచం పక్క సొరుగులో ఉండిపోతాయి. సీలు తీయనివన్నీ ఒక కవర్లో వేసి మెడికల్ షాపులో వాపసు తీసుకుంటారేమో అడగండి, తీసుకుంటే ఆ మొత్తం బిల్లులో తగ్గిందో లేదో చూసుకోండి. ఇంటికి రాసిన మందులు అక్కడే కొనాలన్న రూలు లేదు, మీ ఊళ్లో తెలిసిన షాపులో కొనుక్కోవచ్చు.

క్యాష్‌లెస్ ఇన్సూరెన్స్ (బిల్లు బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టేది) ఉంటే, ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ రిక్వెస్ట్ అందిన 3 గంటల్లోపు కంపెనీ తుది అనుమతి ఇవ్వాలని బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో చెప్పింది. అంతకన్నా ఆలస్యమై ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే అది కంపెనీయే భరించాలి. రిక్వెస్ట్ ఎన్నింటికి పంపారో అడిగి టైము రాసి పెట్టుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినవాళ్లని విడిగా డబ్బు అడిగితే అక్కడ ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రకి చెప్పండి, పని కాకపోతే 104కి ఫోన్ చేయండి.

ఇక అసలు విషయం. బాకీ తీరేదాకా పేషెంట్‌ని పంపం అని ఎవరైనా అంటే భయపడొద్దు. మనిషిని తాకట్టు పెట్టుకునే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన పేషెంట్ల హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది, చనిపోయినవాళ్ల భౌతికకాయానికీ అదే వర్తిస్తుంది. బాకీ నిజమే అయితే కోర్టుకెళ్లి వసూలు చేసుకోవచ్చు, అంతేగాని తలుపు దగ్గర ఆపకూడదు. అక్రమంగా నిర్బంధించడం భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం. అరవకుండా, ఎందుకు ఆపుతున్నారో కాగితం మీద రాసివ్వమనండి. ఆ మాటతోనే చాలాసార్లు దారికొస్తారు. అప్పటికీ వదలకపోతే 112కి ఫోన్ చేసి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి ఫిర్యాదు ఇవ్వండి. ఎక్కువ వసూలు చేశారనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

డాక్టరు వద్దన్నా మీరే తీసుకెళ్లిపోవాలనుకుంటే వెళ్లొచ్చు, కానీ సంతకం పెట్టే ఫారం మొత్తం చదవండి, డిశ్చార్జ్ సమ్మరీ మాత్రం వదలకండి. అందులో జబ్బేంటో, ఏం చేశారో, ఏ మందు ఎన్నాళ్లో, మళ్లీ ఎప్పుడు రావాలో ఉండాలి. 1-0-1 అని రాసి ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని. నర్సమ్మ చేత మందులన్నీ ఒకసారి తెలుగులో చదివించుకోండి. స్కాన్ ఫిల్ములు, రక్తపరీక్షల రిపోర్టులు కూడా తీసుకోండి. ఇంటికొచ్చాక కేసు షీటు (ఆసుపత్రిలో చేసిన వైద్యం అంతా రాసిన రికార్డు) కావాలనిపిస్తే రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి. మీ దరఖాస్తు నకలు మీద తేదీతో స్టాంపు వేయించుకోండి.

నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (పెద్ద పడవ) మీద గోదావరి దాటే వాళ్లూ, లంక ఊళ్ల వాళ్లూ ఇంకొకటి అడగాలి. అర్ధరాత్రి జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము పట్టినా ఏ నంబరుకి ఫోన్ చేయాలో, ఏరు దాటకుండా దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లాలో సమ్మరీ మీదే రాయించుకుని బయల్దేరండి.