ఐటీ రిటర్న్ వేశాక తప్పు కనబడిందా? ఇలా దిద్దుకోండి

రిటర్న్ వేసి, ఈ-వెరిఫై కూడా చేసేశాక బ్యాంకులో ఎఫ్‌డీ వడ్డీ చూపించలేదని గుర్తొస్తుంది. లేదా ఉద్యోగం మారిన ఏడాది పాత కంపెనీ ఇచ్చిన ఫారం 16 (జీతం, అందులో కోసిన పన్నుల వివరాల పత్రం) ఈమెయిల్లో ఎక్కడో ఉండిపోతుంది. టెన్షన్ అక్కర్లేదు. గడువు లోపల దిద్దుకుంటే ఫీజు లేదు, ఎన్నిసార్లు దిద్దుకోవచ్చన్న లెక్కా లేదు. ఆలస్యం చేస్తేనే డబ్బు ఖర్చు. కింద చెప్పిన తేదీలు, లెక్కలు 2024-25 ఆర్థిక సంవత్సరం ఆదాయానివి, అంటే ఆ ఆదాయానికి పన్ను లెక్కగట్టే 2025-26 అసెస్‌మెంట్ ఇయర్‌వి.

ముందు అది ఏ రకం తప్పో తేల్చుకోండి

అన్ని తప్పులకూ మళ్లీ రిటర్న్ వేయక్కర్లేదు. అడ్రస్, ఫోన్ నంబరు మారితే పోర్టల్‌లో ప్రొఫైల్ మార్చుకుంటే సరిపోతుంది. బ్యాంకు ఖాతా వివరాల్లో తేడా వల్ల రిఫండ్ జమ కాకపోతే, సరైన ఖాతాను వాలిడేట్ చేసి 'రిఫండ్ రీఇష్యూ' అడిగితే చాలు. రిటర్న్ పంపారు కానీ ఇంకా వెరిఫై చేయలేదంటే పని మరీ తేలిక. 'డిస్కార్డ్' నొక్కి దాన్ని తీసేసి, కొత్తగా వేసుకోవచ్చు.

ఆదాయం వదిలేసినా, మినహాయింపు తప్పుగా చూపినా, వేయాల్సిన ఫారం కాక వేరే ఫారం వేసినా దారి ఒక్కటే: ఐటీ చట్టం సెక్షన్ 139(5) కింద రివైజ్డ్ రిటర్న్, అంటే దిద్దిన రిటర్న్. దీనికి గడువు 2025 డిసెంబర్ 31. అసలు రిటర్న్ వేయాల్సిన తేదీ దాటాక ఆలస్యంగా వేసిన రిటర్న్‌ని కూడా రివైజ్ చేయొచ్చు. రిఫండ్ ఖాతాలో పడిపోయిందని ఆగనక్కర్లేదు. గడువులోగా, శాఖ రిటర్న్‌ని పరిశీలించి పన్ను తేల్చే అసెస్‌మెంట్ పూర్తి కానంతవరకు దారి తెరిచే ఉంటుంది. రిఫండ్ ఎక్కువగా వచ్చి ఉంటే ఆ తేడా వడ్డీతో కట్టాలి, అంతే.

కాగితాలు దగ్గర పెట్టుకోండి

పోర్టల్ నుంచి ఏఐఎస్ (మీ ఆదాయం, లావాదేవీలపై శాఖ దగ్గరున్న వివరాలు), 26ఏఎస్ (మీ పేరున జమైన పన్నుల వివరాలు) డౌన్‌లోడ్ చేసి, వేసిన రిటర్న్ పక్కన పెట్టి వరుసగా పోల్చండి. ఒక తప్పు కోసం చూస్తుంటే రెండోది కూడా బయటపడటం మామూలే. సేవింగ్స్ వడ్డీ, డివిడెండ్, మ్యూచువల్ ఫండ్ అమ్మకాలు ఎక్కువగా మర్చిపోయేవి.

రెండు ఫారం 16లు ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. రెండో కంపెనీకి మొదటి జీతం సంగతి చెప్పకపోతే, ఇద్దరూ ఎవరికి వారు స్టాండర్డ్ డిడక్షన్ (జీతం నుంచి నేరుగా తగ్గించే మొత్తం, కొత్త పన్ను విధానంలో 75,000 రూపాయలు) తీసేస్తారు, తక్కువ శ్లాబుల లాభమూ రెండుసార్లు ఇచ్చేస్తారు. రెండు జీతాలూ కలిపి వేసేసరికి కట్టాల్సిన పన్ను చూసి గుండె ఆగినంత పనవుతుంది. అది జరిమానా కాదు, టీడీఎస్‌లో, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే కోసే పన్నులో, పట్టుకోకుండా మిగిలిపోయిన పన్నే.

ఏఐఎస్‌లోనే తప్పుంటే? మీది కాని లావాదేవీ కనిపిస్తే అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి. దానికి సరిపోయేలా రిటర్న్‌ని వంచకండి.

రివైజ్డ్ రిటర్న్ వేసే పద్ధతి

1. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో లాగిన్ అయి, 'ఈ-ఫైల్' మెనూలో పాత రిటర్న్ కాపీని, దాని అక్నాలెడ్జ్‌మెంట్‌ని డౌన్‌లోడ్ చేసుకోండి. 15 అంకెల రసీదు నంబరు, వేసిన తేదీ కావాలి.

2. మళ్లీ 'ఈ-ఫైల్'లోనే రిటర్న్ ఫైలింగ్‌కి వెళ్లి, అసెస్‌మెంట్ ఇయర్ ఎంచుకోండి. ఫైలింగ్ రకం దగ్గర 139(5) పెట్టి, ఆ నంబరూ తేదీ ఇవ్వండి.

3. మొత్తం రిటర్న్ నింపండి. మారిన అంకె ఒక్కటే పంపితే కుదరదు, ఎందుకంటే ఈ కొత్త రిటర్న్ పాతదాని స్థానంలోకి వస్తుంది. షేర్లు అమ్మి షార్ట్ టర్మ్ లాభం వచ్చినా ఐటీఆర్-1 (మామూలు జీతం ఆదాయం ఉన్నవాళ్ల ఫారం) వేసినవాళ్లు ఇక్కడ ఐటీఆర్-2కి మారాలి.

4. పన్ను మిగిలితే 'ఈ-పే టాక్స్'లో సెల్ఫ్ అసెస్‌మెంట్ టాక్స్ కింద కట్టి, చలాన్ వివరాలు రిటర్న్‌లో చేర్చాకే పంపండి.

5. 30 రోజుల్లోగా వెరిఫై చేయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, మొదటిసారి చేశాం కదా అని. ఆధార్ ఓటీపీతో రెండు నిమిషాల పని. 30 రోజులు దాటాక చేస్తే, వెరిఫై చేసిన తేదీనే రిటర్న్ వేసిన తేదీగా లెక్కిస్తారు. అప్పటికి డిసెంబర్ 31 వెళ్లిపోయి ఉంటే శ్రమంతా వృథా.

అమెరికా కంపెనీ షేర్లు ఉన్నవాళ్లకు

హైదరాబాద్‌లో బహుళజాతి కంపెనీల్లో పనిచేసేవాళ్లు చాలామందికి జీతంతోపాటు మాతృసంస్థ షేర్లు వస్తాయి. షేర్ల విలువ మీద టీడీఎస్ కోశారు కదా, ఇంకేం చూపాలి అనుకుంటారు. పన్ను లెక్కలో ఇండియాలో 'ఆర్డినరిలీ రెసిడెంట్' అయితే అమ్మకపోయినా, లాభం రాకపోయినా ఆ షేర్లను రిటర్న్‌లోని షెడ్యూల్ ఎఫ్ఏలో (విదేశీ ఆస్తుల పట్టికలో) చూపాలి. ఐటీఆర్-1లో ఆ షెడ్యూలే ఉండదు. అమెరికా నుంచి తిరిగొచ్చి ఇలా ఆర్డినరిలీ రెసిడెంట్లయినవాళ్లు అక్కడి బ్యాంకు ఖాతాలు కూడా చూపాలి. దాచినట్లు తేలితే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు. స్థిరాస్తి కాకుండా విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు దాటకపోతే 2024 అక్టోబర్ 1 నుంచి ఈ జరిమానా లేదు. అయినా చూపించాల్సిన బాధ్యత పోలేదు. మీ రిటర్న్‌లో ఇది లేకపోతే రివైజ్ చేయడానికి అదొక్కటే చాలు.

డిసెంబర్ 31 దాటిపోతే

అప్డేటెడ్ రిటర్న్, అంటే ఐటీఆర్-యూ మిగులుతుంది. 2030 మార్చి 31 వరకు వేయొచ్చు. కానీ పన్ను తగ్గించుకోవడానికో, రిఫండ్ పెంచుకోవడానికో ఇది పనికిరాదు. పైగా అదనపు పన్ను కట్టాలి: 2027 మార్చి 31లోగా అయితే పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద 25 శాతం, ఆ తర్వాత ఏడాదికేడాది 50, 60, 70 శాతం.

లెక్క చూడండి. 30 శాతం శ్లాబులో ఉన్నాయన 60,000 ఎఫ్‌డీ వడ్డీ వదిలేశాడు. సెస్సుతో పన్ను 18,720, బ్యాంకు కోసిన టీడీఎస్ 6,000. మిగిలింది 12,720. డిసెంబర్‌లోగా రివైజ్ చేస్తే ఇదీ, దీనిపై నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ కడతాడు. ఐటీఆర్-యూ మొదటి ఏడాది వేస్తే ఇంకో 3,180కి పైగా, రెండో ఏడాదైతే 6,360కి పైగా అదనం.

రిఫండ్ ఎక్కువ ఇప్పిస్తానన్న ఏజెంటు మీరు కట్టని అద్దె, ఇవ్వని విరాళం చూపించి ఉంటే ఇంకా తొందరపడండి. 2025 జూలైలో ఇలాంటి దొంగ మినహాయింపుల మీద ఐటీ శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. జవాబు చెప్పాల్సింది మీరు, ఏజెంటు కాదు. ప్రొఫైల్‌లో అతని ఈమెయిల్, ఫోన్ నంబరు ఉన్నాయేమో కూడా చూసుకోండి. ఉంటే నోటీసు అతనికే వెళుతుంది.

వేశాక

రివైజ్డ్ రిటర్న్ ప్రాసెస్ అయ్యాక సెక్షన్ 143(1) ఇంటిమేషన్ (శాఖ లెక్క తెలిపే పత్రం) ఈమెయిల్‌కి వస్తుంది. పాస్‌వర్డ్: చిన్న అక్షరాల్లో పాన్, దాని వెంటే పుట్టిన తేదీ. అందులో మీరు చూపిన అంకెలు, శాఖ లెక్కగట్టిన అంకెలు పక్కపక్కనే ఉంటాయి. మీరు సరిగ్గా చూపినా 26ఏఎస్‌లో ఉన్న టీడీఎస్ వాళ్లు ఇవ్వకపోతే, పోర్టల్‌లో సెక్షన్ 154 కింద రెక్టిఫికేషన్, అంటే శాఖ లెక్కలో తప్పు సరిచేయమనే దరఖాస్తు, పెట్టండి. దానికి ఇంటిమేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వ్యవధి ఉంది. మర్చిపోయిన ఆదాయాన్ని మాత్రం ఈ దారిలో చేర్చలేరు.