టియర్‌డ్రాప్ క్యాంపర్ రోడ్డు మీద తోక ఊపుతుంటే: సమస్య - పరిష్కారం

సమస్య

చిన్న సామాను ట్రైలర్ ఛాసీ మీద సొంతంగా కట్టుకున్న టియర్‌డ్రాప్ క్యాంపర్ (కారు వెనుక తగిలించి లాగే, నీటిబొట్టు ఆకారపు చిన్న పడక బండి) 50, 60 కిలోమీటర్ల వేగం వరకు బుద్ధిగానే కారు వెంట వస్తుంది. వేగం 70 దాటాక, విజయవాడ కనకదుర్గ వారధి మీద పక్కనుంచి ఒక లారీ దూసుకుపోగానే, దాని వెనుక భాగం కుడికీ ఎడమకూ ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు తగ్గకపోగా పెరుగుతూ, చివరకు కారు వెనుక చక్రాలను కూడా పక్కకు లాగుతుంది. అటువంటప్పుడు యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకుని, వేగాన్ని దానంతట దాన్నే తగ్గనివ్వాలి. గట్టిగా బ్రేకు తొక్కినా, వేగం పెంచి సరిచేయబోయినా బండి అడ్డం తిరిగే ప్రమాదం ఉంది.

ముందుగా చూడవలసినవి

టైర్లలో గాలి ఉదయం పూట, బండి కదలకముందే చూడాలి. మే నెల మధ్యాహ్నం కాగిన తారు రోడ్డు మీద నడిపి వచ్చాక చూస్తే గేజీ ఎక్కువ చూపిస్తుంది, గాలి సరిపోయిందని మనం మోసపోతాం. చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగు వదులు తెలిసిపోతుంది. ట్రైలర్ ముక్కుకు ఉండే కప్లింగు, కారు వెనుక బిగించిన ఇనుప గుండు మీద సరిగా కూర్చున్నదీ లేనిదీ తెలియాలంటే, లాక్ వేశాక ట్రైలర్ ముక్కును జాకీతో పైకెత్తి చూడాలి. కారు వెనుక భాగం కూడా దానితోపాటు లేవాలి. ఆన్‌లైన్‌లో తెప్పించిన గుండ్లలో 50 మిల్లీమీటర్లవీ ఉంటాయి, రెండంగుళాలవీ ఉంటాయి. రెండంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు. కంటికి ఒకటేలా కనిపించినా ఒకదాని కప్లింగు రెండోదానికి పనికిరాదు.

ఇవన్నీ పావుగంట పని. చాలామంది ఇవి కూడా చూడకుండా ఆటోనగర్ వెళ్లి కొత్త టైర్లు వేయించుకుంటారు.

అసలు కారణం

పైవన్నీ సరిగా ఉన్నా బండి ఊగుతూంటే, నూటికి తొంభై సందర్భాలలో తప్పు బరువు సర్దుబాటులో ఉంటుందని నా అనుభవం. ఎడ్లబండికి మిరప బస్తాలు ఎత్తిన వారికి ఇది కొత్త సంగతి కాదు: బరువంతా ఇరుసుకు వెనుక పడితే కాడి ఎడ్ల మెడల మీదనుంచి పైకి లేస్తుంది, ముందుకు పడితే మెడలు అణిగిపోతాయి. ట్రైలరుకూ ఇరుసు ఒకటే, నొగ (కారు వైపు ముందుకు చాచిన కడ్డీ) ఒకటే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం వరకు నొగ ద్వారా కారు గుండు మీద పడాలి. ఇంతకంటే తగ్గితే తోక ఊగుతుంది. మరీ ఎక్కువైతే కారు వెనుక భాగం కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది.

సామాను ట్రైలర్ ఇరుసును, బరువు తొట్టి అంతటా సమంగా పరుచుకుంటుందనే లెక్కతో బిగిస్తారు. మనం దాని మీద కట్టేది అలాంటిది కాదు. ముందు భాగంలో పరుపు తప్ప మరేమీ ఉండదు. వంటగది మొత్తం తోక తలుపు కింద, ఇరుసుకు బాగా వెనుక ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు తూచితే అంతా సవ్యంగా కనిపించడం ఇందులోని మాయ.

నేను ఈ మాయలో రెండు ప్రయాణాలు పోగొట్టుకున్నాను. బాపట్ల దగ్గర సూర్యలంకకు వెళ్లేటప్పుడు బండి ఊగింది, తిరిగి వచ్చేటప్పుడు ఊగలేదు. వెళ్లేటప్పుడు ఎదురైన గాలి వల్లనే అనుకుని బేరింగులు మార్పించాను, కమాను పట్టీల (ఇరుసు మీద బండిని మోసే స్ప్రింగుల) యూ బోల్టులు బిగింపించాను. రెండోసారీ అదే తంతు. మూడో ప్రయాణానికి గుంటూరులో ఇంటి ముందు నీళ్ల క్యాన్లు వెనుక అరలో పెట్టి, కారుకు తగిలించబోయి ట్రైలర్ ముక్కు పట్టుకుంటే అది ఒంటి చేత్తో తేలిగ్గా లేచింది. తిరుగు ప్రయాణంలో ఆ క్యాన్లు ఖాళీగా ఉండేవన్న సంగతి అప్పుడు గాని తట్టలేదు.

లెక్క చూడండి. ఇరుసు నుంచి గుండుకు 2.4 మీటర్లు, ఇరుసు నుంచి వెనుక అరకు 1.2 మీటర్లు అనుకుందాం. వెనుక పెట్టిన ప్రతి 20 కిలోలూ నొగ మీదనుంచి 10 కిలోలు తీసేస్తాయి. ఖాళీ బండి 380 కిలోలు, నొగ బరువు 45 కిలోలు. అంటే దాదాపు 12 శాతం, బాగానే ఉంది. దానికి 20 లీటర్ల క్యాన్లు రెండు, చిన్న గ్యాస్ సిలిండరు, ఐసు పెట్టె, పొయ్యి, గిన్నెలు కలిసి 80 కిలోలు వెనుక చేరాయంటే, నొగ మీద మిగిలేది 5 కిలోలు. ఆ 460 కిలోల బండికి కావలసింది కనీసం 46.

పరిష్కారం

ప్రయాణానికి సిద్ధంగా, నీళ్లతో సహా అన్నీ సర్దిన తరువాతనే తూచాలి. మట్టంగా ఉన్న నేల మీద చక్రాలకు అటూ ఇటూ రాళ్లు అడ్డం పెట్టి, ఒంటి బరువు చూసుకునే మిషను మీద ఒక చెక్క దిమ్మె నిలిపి, దాని మీద కప్లింగును ఆనించాలి. కప్లింగు ఎత్తు కారు గుండు ఎత్తుకు సమానంగా ఉండాలి. ముక్కు పైకో కిందకో ఉంటే అంకె మారుతుంది. మొత్తం బరువుకు లారీ కాటా సరిపోతుంది గాని, నొగ బరువును ఆ కాటా మీద చూడకూడదు. పది, ఇరవై కిలోల మెట్లలో చూపించే యంత్రానికి మన 5 కిలోలు లెక్కలోకి రావు.

తక్కువ వస్తే మొదట నీళ్ల క్యాన్లను పరుపు కింద, ఇరుసుకు ముందు 1.2 మీటర్ల దగ్గరకు మార్చి, కదలకుండా కట్టాలి. ఒక్కో క్యాను మార్పుతో నొగ బరువు 20 కిలోలు పెరుగుతుంది, కాబట్టి పై ఉదాహరణలో రెండు క్యాన్లకే 45 వస్తుంది. స్టెప్నీని నొగ మీద బిగిస్తే మిగతాదీ సరిపోతుంది. అప్పటికీ చాలకపోతే కమాను బ్రాకెట్లను కోయించి ఇరుసును వెనక్కు జరిపించాలి. ఇదే కొలతల బండిలో ఆరంగుళాలు జరిపితే సుమారు 27 కిలోలు పెరుగుతుంది. మడ్‌గార్డులు కూడా జరపవలసి వస్తుందని వెల్డింగు మొదలుపెట్టకముందే గుర్తుంచుకోండి. కారు గుండు మీద ఎంత బరువు పడవచ్చో, కారు ఎంత లాగగలదో దాని మాన్యువల్‌లో చూసి, ఆ హద్దు దాటకండి.

అరుదైనవి

ఇరుసు వంకరగా బిగించి ఉండవచ్చు. కప్లింగు మధ్య నుంచి ఇరుసు రెండు కొసలకు టేపుతో కొలిస్తే తేలిపోతుంది. ఛాసీ మెలిక, గాలికి బాడీ ఆకారం అడ్డుపడడం వంటివి నేను పెద్దగా పట్టించుకోను. ఈ బండి ఎత్తు తక్కువ, పైగా నున్నటి వీపు.